రబ్బరు పట్టీ ఊరికొచ్చింది, కొలత రాలే

పొద్దుగాల ఐదింటికి ఏ మండల కేంద్రం గ్రౌండుకు పోయినా పోరగాళ్లే కనవడ్తరు. కానిస్టేబుల్ కోసం ఉరికేటోళ్లు కొందరు, అగ్నివీర్ కోసం ఉరికేటోళ్లు కొందరు, ఊకె కండ పెంచుదామని వచ్చేటోళ్లు ఇంకొందరు. మా దిక్కు గ్రౌండుల ఈ మధ్య కొత్త ముచ్చట ఒకటి చూస్తున్న. దండచెయ్యికి, తొడ మొదట్ల రబ్బరు పట్టీ బిగియగట్టుకొని చిన్న చిన్న బరువులు లేపుతున్నరు. పట్టీ కొననోళ్లు పాత సైకిల్ ట్యూబు కోసి కట్టుకుంటున్నరు. ఏందిరా ఇది అని అడిగితే ఫోన్ తీసి రీల్ చూపిస్తున్నరు. రక్తం ఆపితే చాలు, తేలిక బరువుతోనే పెద్ద బరువు లేపినంత కండ వస్తదని దాంట్ల ఒకాయన చెప్తున్నడు.

ఇది మొత్తం ఉత్తదే అని నేను అంటలేను. దీని పేరు బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్ ట్రైనింగ్, పొట్టిగ బీఎఫ్ఆర్ అంటరు. రక్తం పారుడును కొంత తగ్గించి, తేలిక బరువుతోని కండకు పని చెప్పుడు. దీని మీద ముప్పై ఏండ్ల సంది పరిశోధన నడుస్తున్నది. ఒలింపిక్స్‌ల ఈతగాళ్లు వాడిన్రు, అమెరికా మిలిటరీ దవాఖానల గాయపడ్డ సిపాయిలకు వాడిన్రు. అయితే జపాన్ల పుట్టి, దవాఖానల గుండ, ఒలింపిక్స్ గుండ తిరిగి మన ఫోన్లకు వచ్చేసరికి ఒక్కటి నడుమనే జారిపోయింది. అది కొలత. ఎంత బిగియాలె, ఎంతసేపు ఉంచాలె, ఎవలికి కట్టాలె, ఎవలికి కట్టొద్దు అనే లెక్క. ఆ లెక్క లేకుంటే మిగిలేది ఉత్త ట్యూబు ముక్కనే.

ముందుగాల ఇది ఎట్ల పని చేస్తదో చూద్దాం. చెరువు ఉన్నోళ్లకు చెప్పుడు అల్కగ ఉంటది. చెరువులకు నీళ్లొచ్చే కాలువను సగం మూసి, నీళ్లు బయటికి పోయే తూమును మొత్తం మూసినవనుకో. వచ్చుడు తగ్గుతది, పోవుడు ఆగుతది, లోపట నీళ్లు నిలుస్తయి. మన చేతులకు కాళ్లకు గుండె నుంచి మంచి రక్తం తెచ్చేటివి ధమనులు. అవి లోపటికి ఉంటయి, గోడలు గట్టిగ ఉంటయి. వాడిన రక్తాన్ని తిరిగి గుండెకు తీస్కపోయేటివి సిరలు. అవి మెత్తగ ఉంటయి, తొందరగ నలుగుతయి. తొడ మీద పట్టీ సరైన ఒత్తిడితోని కడితే సిరలు మూసుకపోతయి, ధమనులు సగమే మూసుకపోతయి. రక్తం వస్తది గని తక్కువ వస్తది, వచ్చింది అంత జల్ది తిరిగిపోదు.

అప్పుడు కండల ఆక్సిజన్ తగ్గుతది. తేలిక బరువులకు మామూలుగ పని చేసేటి చిన్న పోగులు తొందరగ అలిసిపోతయి. ఇగ ఒళ్లు పెద్ద పోగులను పనిలకు దించుతది. మామూలుగనైతే అవి మస్తు బరువు లేపినప్పుడే లేస్తయి. కండల లాక్టేటు అసుంటి పదార్థాలు జమైతయి, కండ కణాలు ఉబ్బుతయి. ఇవన్నీ కలిసి, పెద్ద బరువు లేపుతున్నం, కండ కట్టాలె అనే సంకేతం లోపటికి పంపిస్తయి. అందుకే మంట మంట పుడ్తది. బరువు చిన్నది, కష్టం పెద్దది.

ఈ ఆలోచన వచ్చిన మనిషి పేరు యోషియాకి సాటో. జపానాయన. ఆయన చెప్పుకున్న కథ ప్రకారం 1966ల, పద్దెనిమిదేండ్ల వయసుల, బౌద్ధుల తద్దినం కార్యానికి పోయి, అక్కడి పద్ధతి ప్రకారం మోకాళ్లు మడిచి మడమల మీద చాలాసేపు కూసున్నడు. కాళ్లు తిమ్మిరెక్కినయి. పిక్కలు ఒత్తుకుంటుంటే, జిమ్ముల పిక్కలకు బాగ కసరత్తు చేసినంక ఎట్లుంటదో గట్లనే అనిపించిందట. రక్తం ఆగితే కసరత్తు చేసినట్టే ఎందుకైతున్నది అని అప్పటి సంది తన ఒంటి మీద తనే ప్రయోగాలు మొదలువెట్టిండు. దేంతోని అనుకుంటున్నరు? తాళ్లు, పట్టీలు, సైకిల్ ట్యూబులు!

అంటే మన గ్రౌండుల పోరగాళ్లు యాభై ఏండ్లకు పైగ కింద సాటో మొదలువెట్టిన కాడనే ఇప్పుడు నిలవడ్డరు. తేడా ఏందంటే సాటో అక్కడ ఆగలే. ఏ ఒత్తిడికి ఏమైతున్నది, ఎంతసేపు పెడితే ఏమైతున్నదని ఏండ్ల తరబడి చూసుకుంట పోయిండు. 1973ల మంచు మీద స్కీయింగ్ చేస్తుంటే ఆయన చీలమండ విరిగింది, మోకాలి లిగమెంటు దెబ్బతిన్నది. కాలుకు సిమెంటు కట్టు వేసినంక తన పద్ధతినే తన కాలు మీద వాడుకున్నడు, కొద్దిసేపు బిగిచ్చుడు, కొద్దిసేపు ఇడిసిపెట్టుడు. కండ కరిగిపోకుంట నిలవడ్డదని, డాక్టర్లు అనుకున్న దానికన్న ముందే కోలుకున్ననని ఆయన చెప్పిండు. దానికి 'కాట్సు' అని పేరు పెట్టిండు, జపాన్ భాషల ఒత్తిడి పెంచుడు అని అర్థం. తర్వాత ట్యూబు పోయింది, గాలి నింపే పట్టీ వచ్చింది, ఒత్తిడి చూపించే మీటరు వచ్చింది, దాన్ని నడపడానికి శిక్షణ తీసుకున్న మనుషులు వచ్చిన్రు. టోక్యో యూనివర్సిటీ పరిశోధకులు ఆయనతోని కలిసి పని చేసిన్రు. ట్యూబు నుంచి మీటరు దాక పోవుడే ఈ విద్య అసలు కథ. రీల్ ఏం చేసిందంటే మీటరును తీసేసి మళ్ల ట్యూబును మన చేతుల పెట్టింది.

ఇప్పుడు ఆ కొలత ఏందో జెర లోతుగ చూడాలె. ఎందుకంటే ముచ్చటంత గాడనే ఉన్నది.

2019ల వివిధ దేశాల పరిశోధకులు కలిసి దీనికి ఒక దారి రాసిన్రు. దాంట్ల మొదటి మాట: అందరికి ఒకటే ఒత్తిడి అనేది లేదు. ఒక మనిషి కాలుల రక్తం పూర్తిగ ఆగిపోవడానికి ఎంత ఒత్తిడి కావాలెనో ముందు కొలవాలె. ధమనిల రక్తం పారే చప్పుడును డాప్లర్ మిషన్‌తోని వినుకుంట పట్టీల గాలి నింపుతరు. చప్పుడు ఆగిన కాడ ఎంతున్నదో చూస్తరు. దాంట్ల 40 నుంచి 80 శాతం మాత్రమే కసరత్తుకు వాడాలె. బరువు కూడ అంతే, నువ్వు ఒక్కసారి లేపగలిగే ఎక్కువ బరువుల 20 నుంచి 40 శాతం. మామూలుగ చేసే లెక్క 30, 15, 15, 15, మొత్తం 75 సార్లు. సెట్టుకు సెట్టుకు నడుమ 30 నుంచి 60 సెకన్ల ఆరాము.

మరి ఆ పూర్తి ఒత్తిడి మనిషికి మనిషికి ఎందుకు మారుతది? తొడ లావున్నోనికి ఎక్కువ కావాలె, సన్నగున్నోనికి తక్కువ చాలు. బీపీ ఎక్కువున్నోనికి ఒక లెక్క, తక్కువున్నోనికి ఇంకో లెక్క. అన్నిటికన్న పెద్దది పట్టీ వెడల్పు. వెడల్పు పట్టీకి తక్కువ ఒత్తిడి సరిపోతది. సన్న పట్టీతోని రక్తం ఆపాలంటే మస్తు ఒత్తిడి కావాలె, ఆ ఒత్తిడంత ఒక్క సన్న గీత మీద పడ్తది, దాని కింద నరం నలుగుతది. ఆపరేషన్ థియేటర్ల చెయ్యికి, కాలికి కట్టు బిగిచ్చి ఆపరేషన్ చేసే డాక్టర్లకు ఇది పాత ముచ్చటనే. సైకిల్ ట్యూబు సాగదీసి నాలుగు చుట్లు చుడితే ఎంత ఒత్తిడి పడ్తదో కట్టినోనికి తెల్వది, కట్టుకున్నోనికి తెల్వది. నిన్న కట్టినంతనే ఇయ్యాల కట్టిండో లేదో కూడ తెల్వది. కొందరు పదికి ఏడు బిగుతు అని అందాజతోని చెప్తరు. పరిశోధకులు ఆ పద్ధతిని కూడ పరీక్ష చేసిన్రు. ఒకే మనిషి ఏడు అనుకున్న బిగుతు ఒక్కో రోజు ఒక్కో తీరుగ వస్తది.

ఊర్లల్ల పాము కరిస్తే ఏం చేస్తరో యాది చేసుకోండ్రి. కాటు మీదికెళ్లి తాడు, గుడ్డ బిగియగడ్తరు. మన దేశంల పాముకాటు వైద్యానికి రాసిన సర్కారు పద్ధతి, అట్ల బిగియగట్టొద్దనే చెప్తది. రక్తం ఆగి కాలు చెడిపోవచ్చు, ఇప్పినప్పుడు ఒక్కసారే విషం ఒంట్లకు పోవచ్చు. ఆ మాట మన ఊర్లల్ల పూర్తిగ ఇంకకముందే, ఈసారి కండ పేరు మీద అదే కట్టు ఇంకో తొవ్వల వచ్చింది.

సరే, మంచిగ కొలిచి కడితే పనిచేస్తదా? చేస్తది, గని దేనికి పనిచేస్తది అనేది చూడాలె. 2006ల జపాన్ల ఒక పరిశోధన జరిగింది. జువాన్ మొగోళ్లకు తొడలకు పట్టీ కట్టి ట్రెడ్‌మిల్ మీద నిమిషానికి 50 మీటర్ల వేగంతోని నడిపిచ్చిన్రు. అంటే గంటకు 3 కిలోమీటర్లు, మనం అంగట్ల తిరిగే నడక. రెండు నిమిషాల నడక, ఒక నిమిషం ఆరాము, అట్ల ఐదు సార్లు. రోజుకు రెండు పూటలు, వారానికి ఆరు రోజులు, మూడు వారాలు. తొడ కండ 4 నుంచి 7 శాతం పెరిగింది, బలం 8 నుంచి 10 శాతం పెరిగింది. ఉత్త నడకతోని మూడు వారాలల్ల కండ పెరుగుడు అంటే చిన్న ముచ్చట కాదు. అందుకే ప్రపంచం దీని దిక్కు తిరిగి చూసింది.

అయితే రీల్ చెప్పని రెండు ముచ్చట్లు ఉన్నయి. మొదటిది, 2018ల అప్పటిదాక వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్క చూసిన్రు. పట్టీతోని తేలిక బరువు, పట్టీ లేకుంట పెద్ద బరువు, ఈ రెండిట్ల కండ సైజు దగ్గరదగ్గర ఒకే తీరుగ పెరిగింది. బలం మాత్రం పెద్ద బరువుతోనే ఎక్కువ వచ్చింది. అంటే పెద్ద బరువు లేపగలిగే ఒంటికి పట్టీతోని ఎక్కువ వచ్చేది ఏం లేదు, బలం కాడ కొంత తక్కువే వస్తది. రెండోది ఇంకా ముఖ్యం. తేలిక బరువునే పట్టీ లేకుంట, ఇగ లేవదు అనేదాక లేపితే కూడ కండ దాదాపు అంతే పెరుగుతది. పట్టీతోని ఆ అలసట తొందరగ వస్తది, తక్కువ సార్లల్ల పని అయితది, అంతే తేడా. గట్టిగున్న ఇరవై ఏండ్ల పోరనికి పది నిమిషాలు మిగిల్చుకోవడానికి నరాలు నలిపే ట్యూబు అవసరమా? ఇటుక సంచితోని, ఇసుక బస్తాతోని, ఒంటి బరువుతోని ఒంట్ల సత్తువ అయిపోయేదాక చేసినా కండ వస్తది. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇగ మన పోరగాళ్ల అసలు లెక్కకు వస్త. 2022ల వచ్చిన తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్ల మొగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. అగ్నివీర్ల 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లల్ల ఉరికితే 60 మార్కులు, పది పుల్ అప్స్‌కు 40 మార్కులు. వీటిల్ల యాడన్న దండ చుట్టుకొలత అడిగిన్రా? 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల రౌండు ఒక్కోటి సుమారు 109 సెకన్లల్ల కొట్టాలె. అగ్నివీర్ పూర్తి మార్కులకైతే 82 సెకన్ల చిల్లర. గది గుండె, ఊపిరి, కాళ్లు కలిసి చేసే పని. ఉరికే ఉరికే వస్తది. గుండు విసురుడంటే నడుము తిప్పుడు, కాలు తోపు, ఒక్క దమ్ముల పేలే బలం. ఆ బలానికి జెర పెద్ద బరువే కావాలె. పుల్ అప్స్ రావాలంటే కడ్డీకి యాలాడాలె. పట్టీ కట్టుకొని బైసెప్స్ పెంచినోడు ఫోటోల మంచిగ కనవడ్తడు, మూడో రౌండుల దమ్ము ఆగిపోతడు.

2021ల టోక్యో ఒలింపిక్స్‌ల అమెరికా ఈతగాడు మైకేల్ ఆండ్రూ చేతులకు కాళ్లకు పట్టీలు కట్టుకొని కనవడ్డడు, ఆ ఫోటోలు దునియా అంత తిరిగినయి. ఆయన ఉన్న రిలే టీముకు బంగారు పతకం వచ్చింది, ప్రపంచ రికార్డు కూడ పడ్డది. ఆ రిలేల ఆయన పక్కన ఉన్న కేలెబ్ డ్రెస్సెల్ ఆ ఒక్క ఒలింపిక్స్‌లనే ఐదు బంగారు పతకాలు తీసుకున్నడు. చిన్నప్పటి సంది నీళ్లల్ల గడిపిన వేల గంటలు ఫోటోల రావు, పట్టీ వస్తది. కంపెనీలకు అమ్ముకోవడానికి కూడ పట్టీనే దొరుకుతది.

నా కోపం వేరే కాడ ఉన్నది. ఈ పద్ధతి నిజంగ ఎవలికి అక్కరకొస్తదో వాళ్ల దాక ఇది వస్తలేదు.

పెద్ద బరువు లేపలేని ఒళ్లకు ఇది పెద్ద వరం. అమెరికాల శాన్ ఆంటోనియోల మిలిటరీ పునరావాస కేంద్రం ఒకటున్నది, పేరు సెంటర్ ఫర్ ది ఇంట్రెపిడ్. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలల్ల కాళ్లు నుజ్జయి, కాలు తీసెయ్యకుంట డాక్టర్లు కాపాడిన సిపాయిలు అక్కడికి వచ్చెటోళ్లు. కాలు మిగిలింది గని తొడ కండ కరిగిపోయింది, పెద్ద బరువు పెడితే అతికిన ఎముక ఓర్వదు. అక్కడి ఫిజియోథెరపిస్టు జానీ ఓవెన్స్ ఆపరేషన్ థియేటర్ల వాడే కొలత ఉన్న కట్టును పట్టుకొచ్చి తేలిక కసరత్తుతోని కలిపిండు. అమెరికాల దవాఖానలల్ల ఈ పద్ధతి పాకడానికి అదొక పెద్ద కారణం.

మన కాడ గసుంటోళ్లు ఎవలు? కబడ్డీ ఆడి మోకాలి లిగమెంటు తెంపుకున్నోళ్లు. ఏ ఊరికి పోయినా ఒకలిద్దరు ఉంటరు. మా పెద్దమ్మ కొడుకు కూడ వాళ్లల్ల ఒకడు. పట్నంల ఒక దవాఖానల ఆపరేషన్ అయింది, ఇంటికి తోలిచ్చేటప్పుడు కసరత్తు బొమ్మలున్న కాయితం ఒకటి చేతుల పెట్టిన్రు. అంతే. ఇంటికి దగ్గర చూసేటోడు లేడు. ఆరు నెలలకు ఒక తొడ ఇంకో తొడల ముప్పాతిక కూడ లేదు. మెట్లు దిగేటప్పుడు మోకాలు జారుతున్నదని భయపడ్తున్నడు. ఈ పట్టీ, దాని మీటరు, దాన్ని నడిపే మనిషి కావాల్సింది గసుంటోళ్లకు. మోకాళ్లు అరిగిన ముసలోళ్లకు, పక్షవాతమో జ్వరమో వచ్చి నెలల తరబడి మంచంల పడి లేచినోళ్లకు కూడ డాక్టరు చూసినంక అక్కరకు రావచ్చు. ఏరియా దవాఖానల ఫిజియో ఉన్నడా, ఉంటే వారంల ఎన్ని రోజులుంటడు, ఆయన కాడ ఏం సామాను ఉన్నది? ఊర్లల్ల ఈ ప్రశ్న ఎవలన్న అడిగిన్రా? ఫిజియోథెరపీ అసుంటి వృత్తుల కోసం 2021ల పార్లమెంటుల ప్రత్యేక చట్టమే వచ్చింది. చట్టం వచ్చింది గని మా పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ కాయితం మీది బొమ్మలు చూసుకుంటనే చేస్తున్నడు.

ఇగ ప్రమాదం ఎంతున్నదో సాఫ్‌గ చెప్పుకోవాలె. భయపెట్టుడు నాకు ఇష్టం లేదు, దాచుడు కూడ ఇష్టం లేదు. 2006ల జపాన్ల కాట్సు నేర్పే కేంద్రాలల్ల సర్వే చేసిన్రు, 12,600 మందికి పైగ లెక్క తీసిన్రు. తోలు కింద రక్తం కమిలినోళ్లు 13 శాతం. తిమ్మిరి వచ్చినోళ్లు 1.3 శాతం. కండ్లు తిరిగినోళ్లు వెయ్యిల ముగ్గురు. సిరల రక్తం గడ్డకట్టినోళ్లు 0.055 శాతం, అంటే మొత్తంల ఓ ఏడుగురు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయిన కేసు ఒకటి, కండ కరిగి రక్తంల కలిసిన కేసు ఒకటి. పెద్ద ప్రమాదాలు తక్కువే ఉన్నయి. గని ఒక్కటి మరువద్దు, ఇది శిక్షణ పొందిన మనిషి పక్కన ఉండి, మీటరు చూసుకుంట కట్టిన కాడి లెక్క. ట్యూబు కట్టుకున్నోళ్ల లెక్క ఎవలూ తియ్యలే, కాబట్టి ఆ తక్కువ అంకె మనకు వర్తిస్తదని అనుకోవద్దు.

కండ కరుగుడు అంటే ఏందో కూడ తెల్సుకోవాలె, ఎందుకంటే మన ఎండలకు దానికి దగ్గరి సంబంధం ఉన్నది. అలవాటు లేని కసరత్తు ఒక్కసారే ఎక్కువ చేస్తే కండ కణాలు పగిలి లోపటి సరుకు రక్తంలకు వస్తది, అది మూత్రపిండాలను మూసేస్తది. ఒంట్ల నీళ్లు తక్కువున్నప్పుడు, ఎండ ఉన్నప్పుడు ఇంకా జల్ది అయితది. పొద్దుగాల ఏం తాగకుంట వచ్చి రెండు మైళ్లు ఉరికి, దాని మీద పట్టీ కట్టి వంద సార్లు లేపితే ఆ ప్రమాదాన్ని పిలిచి కూసోవెట్టినట్టే.

ఎవలు దీన్ని ముట్టొద్దు? ఇంతకుముందు కాలుల గడ్డకట్టినోళ్లు, ఇంట్ల గసుంటి జబ్బు ఉన్నోళ్లు, బీపీ అదుపుల లేనోళ్లు, పిక్కల మీద సిరలు ఉబ్బి మెలిదిరిగినోళ్లు, గర్భంతోని ఉన్నోళ్లు, కొత్తగ కాన్పు అయినోళ్లు. గర్భం రాకుండ గోలీలు వాడే ఆడబిడ్డలు డాక్టరును అడగాలె, ఆ గోలీలల్ల కొన్నిటితోని రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతది. గుండె జబ్బు, షుగరు ఉన్నోళ్లు కూడ అడగాలె.

ఇంకొకటి మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగ చెప్పాలె. సికిల్ సెల్. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, అటు పాడేరు దిక్కు ఆదివాసీ గూడేలల్ల ఈ రక్త జబ్బు ఉన్నది. ఆక్సిజన్ తగ్గితే ఎర్ర రక్తకణం కొడవలి తీరు వంకర తిరిగి సన్న నాళాలల్ల ఇరుక్కుంటది. పట్టీ చేసే పనే కండల ఆక్సిజన్ తగ్గించుడు, ఇగ చెప్పుడు ఎందుకు. జబ్బు పూర్తిగ ఉన్నోళ్లకు చిన్నప్పుడే నొప్పులు వచ్చి తెలుస్తది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క దిక్కు నుంచే ఆ గుణం వచ్చినోళ్లు బయటికి మంచిగనే ఉంటరు, ఉరుకుతరు, దుంకుతరు, తమకున్నదని వాళ్లకే తెల్వదు. వాళ్లు గూడ ఒంటిని మరీ ఎక్కువ కష్టపెట్టినప్పుడు కుప్పకూలిన సంఘటనలు అమెరికా మిలిటరీల, కాలేజీ ఆటగాళ్లల్ల నమోదైనయి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌ల షహడోల్‌ల కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలువెట్టింది, 40 ఏండ్ల లోపున్న 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని పెట్టుకున్నది. ఏజెన్సీల ఉండి ఈవెంట్స్‌కు తయారైతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు పట్టీ సంగతి పక్కన పెట్టి ముందుగాల ఆ పరీక్ష చేయించుకోండ్రి. సర్కారు దవాఖానల పైసలు తీసుకోరు.

మరి సర్కారు, కోచింగ్ సెంటర్లు ఏం చెయ్యాలె? 2022 నోటిఫికేషన్ అప్పుడు పోలీసోళ్లే చాలా జిల్లాలల్ల ఉచిత శిక్షణ క్యాంపులు పెట్టిన్రు, మంచి పని. మళ్ల పెట్టినప్పుడు ఆ క్యాంపుల వారానికి ఒక్కసారన్న ఫిజియోథెరపిస్టును కూసోవెట్టాలె. మోకాలి నొప్పి, ఎముక ముందర నొప్పి, కండ పట్టుకునుడు, ఇవన్నీ పోరగాళ్లు నోరు మూసుకొని ఓర్సుకుంటున్నరు, చెప్తే తీసేస్తరని భయం. ఆ నొప్పుల నుంచి తప్పించుకునే దగ్గరి తొవ్వ కోసమే వీళ్లు రీల్స్ దిక్కు పోతున్నరని నా అనుమానం. పైసలు తీసుకునే కోచింగ్ సెంటర్లకైతే ఇంకా గట్టిగ చెప్పాలె. పిల్లగాని బీపీ చూడకుంట, రక్త పరీక్ష అడగకుంట పట్టీ కట్టిస్తే రేపు ఏమన్న అయితే ఎవలు బాధ్యులు? ఆన్‌లైన్ల ఈ పట్టీలు ఫిట్‌నెస్ సామాను పేరు మీద వందల రూపాయలకు దొరుకుతున్నయి. దవాఖానల వాడే, ఒత్తిడిని తనంతల తనే కొలిచి సర్దుకునే మిషన్లయితే వేల డాలర్లు ఉంటయి. రెండిటికి పేరు ఒక్కటే ఉన్నది, అందుకే కొనేటోడు మోసపోతున్నడు.

ఇప్పటికే కట్టుకుంటున్నోళ్లు నా మాట విని ఆపుతరో లేదో నాకు తెల్వదు. కనీసం ఇది యాది పెట్టుకోండ్రి. వేళ్లు తెల్లగనో నీలంగనో మారినా, చల్లవడ్డా, తిమ్మిరి ఎక్కినా, సూదులు గుచ్చినట్టున్నా, కట్టు కింద నాడి కొట్టుకునుడు తెలుస్తలేకున్నా వెంటనే ఇప్పాలె, సెట్టు అయిపోనీ అని ఆగొద్దు. మెడకు, నడుముకు, మోకాలికి, మోచేతికి, ముంజేతికి ఎన్నడూ కట్టొద్దు. పట్టీ కట్టుకొని ఉరుకొద్దు. ఒక్కడివే ఉన్నప్పుడు అసలే కట్టొద్దు. తెల్లారినంక మూత్రం డికాషన్ రంగుల వస్తే, కండలు రాయి తీరు గట్టిపడి చెయ్యి ముడవరాకుంటైతే, ఒక్క పిక్క మాత్రమే వాచి వేడెక్కి నొస్తుంటే, ఊపిరి పీల్చుకుంటుంటే ఛాతిల పొడిచినట్టైతే, ఇంట్ల ఏమంటరో అని దాచుకోకుంట 108కి ఫోన్ చేసి దవాఖానకు పోవాలె. పోయినంక డాక్టరుకు ముందుగాల చెప్పాల్సింది, నేను చెయ్యికి పట్టీ కట్టి కసరత్తు చేసిన అనే మాట. ఆ మాట చెప్పకుంటే ఆయన ఉత్త ఒళ్లు నొప్పులని గోలీ ఇచ్చి తోలిచ్చే అవకాశం ఉన్నది.